ఒక పుట్టి నీళ్లలో, ఒక పుట్టి ఎండలో

పాఠకుల ప్రశ్నలు, ఒక ఫెర్రీ ఇంజనీరు జవాబులు

ముందుగా నా గురించి రెండు మాటలు. శ్రీశైలం ముంపులో పోయిన ఒక కృష్ణ ఒడ్డు పల్లెలో పుట్టాను. మా నాయన పుట్టి నడిపేవాడు, అంటే వెదురుతో అల్లిన గుండ్రటి పడవ. నేను డీజిల్ ఫిట్టరుగా పనిలో చేరి, పరీక్షలు రాసుకుంటూ పైకొచ్చి, తూర్పు తీరంలోనూ పడమటి తీరంలోనూ ఫెర్రీల ఇంజన్ గదుల్లో 31 ఏళ్లు పనిచేశాను. ఇప్పుడు కర్నూలులో ఉంటున్నా. జనాన్ని దాటించే పడవలు, వాటి రేవులు, వాటి మరమ్మతుల గురించి ఏమైనా అడగండని కిందటి సంచికలో సంపాదకులు రాశారు. తాగునీటి ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టే ఊళ్ల నుంచి కూడా పడవల మీద ఉత్తరాలు వచ్చాయి. చాలా సంతోషమైంది. వచ్చినవాటిలో కొన్నింటికి ఈ నెల జవాబు.

ప్రశ్న: అయ్యా, మా అమ్మాయి సియాటిల్‌లో ఉంటుంది. పోయిన వేసవిలో నాలుగు నెలలు అక్కడున్నాం. బెయిన్‌బ్రిడ్జ్ దీవికి పోదామని కారేసుకుని వెళ్తే ఫెర్రీ కోసం గంటన్నర బారులో ఆగాల్సి వచ్చింది. పడవలు చాలడం లేదన్నారు. తీరా అవతలి ఒడ్డు చేరాక చూస్తే అక్కడొక యార్డులో పెద్ద పెద్ద ఫెర్రీలు ఊరకే కట్టేసి ఉన్నాయి. జనం ఎండలో నిలబడి ఉంటే వాటిని ఎందుకు తిప్పరు?
ఒక గృహిణి, బి.క్యాంపు, కర్నూలు

అమ్మా, మీరు చూసిన చోటు ఈగిల్ హార్బర్. వాషింగ్టన్ రాష్ట్ర ఫెర్రీలకు సొంత మరమ్మతు షెడ్డు అది. అక్కడ కట్టేసి ఉన్న పడవకు ఏదో ఒక వైద్యం జరుగుతూ ఉంటుంది.

ఆ రాష్ట్ర ప్రభుత్వం 1951లో ఒక ప్రైవేటు కంపెనీ దగ్గర ఫెర్రీలు కొని సొంతంగా నడపడం మొదలుపెట్టింది. అమెరికాలో అంత పెద్ద ఫెర్రీ వ్యవస్థ ఇంకొకటి లేదు. వాళ్ల దగ్గరున్నవి 21 పడవలు. పెద్దవాటిలో ఒక్కోదానికి 202 కార్లు పడతాయి. వినడానికి చాలా అనిపిస్తుంది కదా, ఇప్పుడు లెక్క చూడండి. ఉప్పునీళ్లలో జనాన్ని మోసే ఓడను అయిదేళ్లలో రెండుసార్లు నీళ్లలోంచి బయటికి తీసి అడుగు చూపించాలని అక్కడి కోస్ట్ గార్డు నియమం. ఒక తనిఖీకి ఇంకో తనిఖీకి మధ్య మూడేళ్లు దాటకూడదు. 21 పడవలకు అయిదేళ్లలో 42 సార్లు. అంటే ఏడాదికి ఎనిమిదో తొమ్మిదో. ఒక్కోసారి వారాల తరబడి పని. ఇది అడుగు సంగతి మాత్రమే. ఇంజన్ ఓవర్‌హాలు, గేరుబాక్సు, జనరేటర్లు, రంగులు అన్నీ వేరే. కాబట్టి ఏ రోజు చూసినా కొన్ని పడవలు లైనులో ఉండవు. ఉండకూడదు కూడా.

డ్రై డాక్‌లో, అంటే పడవను లోపలికి తెచ్చి నీళ్లు తోడేసే తొట్టిలో, ఏం చేస్తారో చెబితే మీకు ఆ నిలబడిన పడవల మీద కోపం పోతుంది. నీళ్లు తోడేశాక పడవ దిమ్మెల మీద కూర్చుంటుంది. అడుగున అంటుకున్న నత్తగుల్లలు, నాచు గీకుతారు. తర్వాత చేతిలో ఇమిడే ఒక మీటరు పట్టుకుని రేకు మీద జానెడు జానెడు దూరాన కొంచెం జెల్లు రాసి ఆనిస్తారు. శబ్ద తరంగం రేకులోకి పోయి వెనక్కి వచ్చే టైమును బట్టి అక్కడ మందం ఎంత మిగిలిందో చెబుతుంది. ఎనిమిది మిల్లీమీటర్ల రేకు ఆరుకు దిగిందంటే నేనైతే దాన్ని కోయించి కొత్త రేకు వేయించేవాణ్ని. ఎక్కువగా తినేసేది ఎక్కడో తెలుసా? లోతున కాదు. నీటి గీత దగ్గర, తడీ గాలీ రెండూ తగిలే ఆ మూరెడు మేర.

మా నాయనకు ఇంగ్లీషు రాదు, తెలుగు అక్షరాలు కూడా రావు. ఆయన దగ్గర రెండు పుట్లు ఉండేవి. వెదురు బద్దలతో అల్లి, గోనె పట్టా కప్పి, తారు పూసినవి. ఒకటి నీళ్లలో తిరిగేది, ఇంకోటి ఒడ్డున ఎండలో బోర్లించి ఉండేది. అమావాస్యకు అమావాస్యకు వాటిని మార్చేవాడు. బోర్లించినదాన్ని ఎండ బాగా పట్టించి, వేలి గోటితో తారు మీద గీరుకుంటూ పోయేవాడు. పెళుసుగా రాలిన చోట సుద్దముక్కతో గుండ్రంగా గీసేవాడు. సాయంత్రం తారు కాచి అక్కడ పూసేవాడు. మా ఊళ్లో ఒక పెద్దమనిషి, సంతరోజు జనం ఆగిపోతున్నారు, రెండో పుట్టి కూడా దించమని గట్టిగా అడిగాడు. నాయన దించలేదు. ఆయనకు కూలి డబ్బులు కాదు, కోతలప్పుడు కల్లంలో మేర, అంటే ధాన్యం వాటా ఇచ్చేవాళ్లు. ఆ పెద్దమనిషి ఆ ఏడు మేర తగ్గించాడు. అయినా దించలేదు.

మీరు బారులో నిలబడడానికి అసలు కారణం ఆ రెండో పుట్టి చాలకపోవడమే. పడవలు ముసలివై, కొత్తవి టైముకు రాకపోతే మరమ్మతు వంతు ఉన్నదాన్ని కూడా లైనులోకి తోలుతారు. దాని వంతు వెనక్కి పోతుంది. చిన్న లీకు పెద్దదవుతుంది, ఒకరోజు నడి ప్రయాణంలో ఆగిపోతుంది. అప్పుడు ఇంకోదాని వంతు వాయిదా. మొదటి వాయిదా వేసినవాడికి ఆ రోజు మంచి పేరే వస్తుంది. ఆ అప్పు తీర్చేది మాత్రం తర్వాత వచ్చేవాళ్లు. నేను ఉద్యోగంలో ఉండగా ఈ వాయిదా కాగితాల మీద సంతకం పెట్టనన్నందుకు రెండుసార్లు బదిలీ అయ్యాను. ఇంకోసారైనా పెట్టను.

ప్రశ్న: మాది శ్రీశైలం బ్యాక్‌వాటర్ ఒడ్డు ఊరు. రేవులో సిమెంటు మెట్లు కట్టారు. వానాకాలం వస్తే మెట్లన్నీ నీళ్లలో. ఎండాకాలం వస్తే నీళ్లు ఎక్కడో కింద, మెట్లకూ పడవకూ మధ్య మోకాలి లోతు ఒండ్రు. మోటారు సైకిళ్లు మోసుకుంటూ దిగుతున్నాం. రేవును సరిగా కట్టే పద్ధతి లేదా?
ఒక రైతు, కొత్తపల్లె మండలం

ఉంది తమ్ముడూ. ఈ ప్రశ్న కోసమే నేను ఇంతకాలం ఎదురుచూశాననుకో.

శ్రీశైలం జలాశయం నిండుగా ఉంటే నీటి మట్టం 885 అడుగులు. ఎండాకాలం 840 కిందికి కూడా దిగుతుంది. నీళ్లలో మునిగి ఉండే సంగమేశ్వరుడి గుడి బయటపడేది అప్పుడే కదా, నీకు నాకన్నా బాగా తెలుసు. అంటే ఏడాదిలో నీటి మట్టం 45 అడుగులు కిందా మీదా అవుతుంది. నాలుగంతస్తుల మేడ ఎత్తు. పైన అమ్మ ఉత్తరంలో చెప్పిన సియాటిల్‌లో పోటుకూ పాటుకూ తేడా పదకొండు, పన్నెండు అడుగులు. దానికే వాళ్లు ఒడ్డు నుంచి ఇనుప వంతెన ముక్కను కీలుతో బిగించి, కొసను యంత్రాలతో లేపుతూ దించుతూ పడవకు అందిస్తారు. కొచ్చిలో అయితే తేడా మీటరు అటూ ఇటూ. 2023లో మొదలైన కొచ్చి వాటర్ మెట్రోలో తేలే వేదికలు పెట్టారు. నీళ్లతో పాటు వేదికా లేస్తుంది, పడవా లేస్తుంది. చక్రాల కుర్చీలో ఉన్న మనిషి కూడా ఎవరి చేయీ పట్టుకోకుండా ఎక్కవచ్చు.

మరి మన దగ్గర ఒక తేలే వేదిక, దానికి ఒక ఇనుప నడవ పెడితే చాలదా అంటావు. లెక్క చూద్దాం. ముసలివాళ్లు, బరువు మోసేవాళ్లు జారకుండా దిగాలంటే ఎనిమిది అడుగుల పొడవుకు ఒక అడుగు పల్లం మించకూడదు. 45 అడుగులు దిగాలంటే 360 అడుగుల నడవ కావాలి. అంత పొడుగు నడవ ఒకే ముక్కగా ఎవరూ పెట్టరు, పెట్టినా వరదకు నిలవదు.

కాబట్టి మన గట్టుకు తగిన పద్ధతి ఇది. మెట్లు వద్దు. నేల వాలును బట్టి పైనుంచి ఎండాకాలపు నీటి దాకా ఏటవాలు సిమెంటు దారి పోయాలి. బండి చక్రం జారకుండా అడ్డంగా గాట్లు కొట్టాలి. దారి పక్కన 20 అడుగులకొకటి చొప్పున బలమైన ఇనుప కడ్డీ రింగులు పాతాలి. తేలే వేదిక చిన్నదే చాలు. పది పన్నెండు అడుగుల నడవ దానికి ఉంటుంది. నీళ్లు తగ్గుతున్నకొద్దీ వేదికను ఒక రింగు నుంచి కింది రింగుకు మార్చుకుంటూ పోవాలి. ట్రాక్టరు, గొలుసు, ముగ్గురు మనుషులు ఉంటే గంట పని. కట్టడం కంటే ఈ మార్చే పని ఎవరిదో కాగితం మీద రాసి పెట్టడమే ముఖ్యం. జీతమిచ్చి ఒక మనిషిని పెట్టకపోతే ఎంత బాగా కట్టినా రెండో ఏటికి వేదిక ఒండ్రులో వంకరగా కూర్చుంటుంది. ఆ ఒండ్రును కూడా నీళ్లు దిగిన వారంలోపే, పచ్చిగా ఉండగానే దారి మీద నుంచి తోసేయాలి. ఎండితే సమ్మెట కావాలి.

ఇంకో మాట. మీ మెట్లకు పక్కన పాతిన చెక్క గుంజలు పైభాగంలో పుచ్చిపోయాయని, అడుగున మాత్రం గట్టిగా ఉన్నాయని రాశావు. వింత కాదు. సంగమేశ్వరుడి లింగం వేప చెక్కదని, పాండవుల నాటిదని మనవాళ్లు చెప్పుకుంటారు. ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్లలో ఉండి కూడా చెడిపోలేదని ఆశ్చర్యపోతుంటారు. పూర్తిగా మునిగిన చెక్కకు గాలి అందదు, గాలి లేనిచోట చెక్కను తినే బూజు బతకదు. నీళ్లూ గాలీ మార్చి మార్చి తగిలేచోటే చెక్క పుచ్చుతుంది, ఇనుము తుప్పు పడుతుంది. పడవ రేకు సంగతి పైన చెప్పింది కూడా అదే. సముద్రంలో ఈ ధైర్యం కూడా లేదు. అక్కడ చెక్కను లోపలి నుంచి తొలిచే పురుగు ఉంటుంది, ఉప్పునీళ్లలోనే బతుకుతుంది. మనకు ఆ బాధ లేదు. గుంజ మార్చేటప్పుడు మొత్తం పీకకండి. అడుగు గట్టిగా ఉంటే పుచ్చినంత మేర కోసి కొత్త ముక్క అతికించి, ఇనుప పట్టీ బిగించవచ్చు.

ప్రశ్న: సార్, నేను రిజర్వాయరులో టూరిస్టు బోటు నడుపుతా. షాఫ్టు దగ్గర నీళ్లు కారుతున్నాయి. మెకానిక్ నట్లు ఫుల్‌గా బిగించి బందు చేశాడు. రెండు రోజులకు అక్కడ కాలిన వాసన వచ్చింది. మళ్లీ కారుతోంది, ముందుకన్నా ఎక్కువ. టెన్షన్‌గా ఉంది.
ఒక బోటు డ్రైవరు, కడప జిల్లా

తమ్ముడూ, ముందు బోటు కట్టేసెయ్. ఈ వారం గిరాకీ పోతే పోనీ.

ఇంజన్ లోపల, నీళ్లను తోసే ఫ్యాను బయట. రెంటినీ కలిపే ఇరుసు, అంటే షాఫ్టు, పడవ ఒంటికి రంధ్రం చేసుకుని పోతుంది. ఆ రంధ్రంలోంచి నీళ్లు రాకుండా షాఫ్టు చుట్టూ చదరపు తాడులాంటి ప్యాకింగు చుట్టి, ఒక కాలరుతో వత్తి పెడతారు. దాన్నే గ్లాండు అంటాం. మీ మెకానిక్‌కు తెలియని సంగతి ఏమిటంటే, ఇలాంటి గ్లాండు కారాలి. బోటు నడుస్తున్నప్పుడు నిమిషానికి నాలుగైదు చుక్కలు పడాలి. ఆ చుక్కలే షాఫ్టును చల్లగా ఉంచుతాయి. పూర్తిగా బిగిస్తే ప్యాకింగు ఎండి, కాలి, గట్టిపడి, ఆకురాయిలా షాఫ్టును అరగదీస్తుంది. నీకు వచ్చిన వాసన అదే. ఇప్పుడు షాఫ్టు మీద గాడి పడి ఉంటుంది, అందుకే ఎక్కువ కారుతోంది.

బోటును ఒడ్డుకు లాగించు. పాత ప్యాకింగును కొక్కెంతో మొత్తం తీయించు, పాతదాని మీదే కొత్తది కుక్కనివ్వొద్దు. షాఫ్టును గుడ్డతో తుడిచి గోటితో అడ్డంగా గీరి చూడు. గోరు ఆగే గాడి ఉంటే షాఫ్టు లేతుకు పోవాలి. లేకపోతే కొత్త ప్యాకింగు రింగులుగా కోయండి, కోత ఏటవాలుగా ఉండాలి. ఒక రింగు అతుకు పైకి వస్తే తర్వాతి రింగు అతుకు కిందికి రావాలి, అన్నీ ఒకే వరసలో పడితే నీళ్లకు దారి ఇచ్చినట్టే. నట్లు రెండూ సమంగా, చేతితో తిరిగినంత వరకే. నీళ్లలో దించాక నడిపి, చుక్కలు లెక్కపెట్టు. ఎక్కువైతే నట్టుకు ఒక్క పలక చొప్పున తిప్పు, పది నిమిషాలు ఆగు, మళ్లీ లెక్కపెట్టు. గ్లాండు డబ్బాను మాత్రమే మునివేళ్ల వెనక వైపుతో తాకి చూడు, తిరిగే షాఫ్టు జోలికి చెయ్యి పోనివ్వకు. గోరువెచ్చగా ఉంటే పరవాలేదు. చెయ్యి ఆనించలేకపోతే బిగువు ఎక్కువైనట్టు.

31 ఏళ్లలో ప్రతి డ్యూటీ మొదట్లో నేను చేసిన మొదటి పని ఇదే. ఇంజన్ గది మెట్లు దిగి, టార్చి వేసి, ఆ చుక్కలు లెక్కపెట్టేవాణ్ని. ఇప్పటికీ రాత్రిపూట ఇంట్లో కొళాయి కారుతుంటే నిద్రలోనే లెక్కపెడుతుంటానని మా ఇంటావిడ అంటుంది.

నీ బోటు అడుగుకు బిగించిన చిన్న లోహపు దిమ్మె గురించి కూడా అడిగావు. అది ఇనుముకు బదులు తాను అరిగిపోవడానికే పెడతారు. సముద్రం బోట్లకు జింకు దిమ్మె. మన మంచినీళ్లలో జింకు సరిగా పనిచేయదు, పైన పొర కట్టి ఊరుకుంటుంది. మెగ్నీషియం దిమ్మె అడిగి తెచ్చుకో. దాని మీద మాత్రం రంగు వేయొద్దు.

ప్రశ్న: కె.సి. కెనాల్‌లో ఒకప్పుడు సరుకుల పడవలు తిరిగేవని మా తాత చెప్పేవాడు. నిజమేనా?
ఒక టీచరు, నందికొట్కూరు

నిజమే. 1863లో ఒక ఇంగ్లీషు కంపెనీ తవ్వడం మొదలుపెట్టినప్పుడే సాగుకూ పడవలకూ కలిపి వేసిన కాలువ అది. సుంకేసుల దగ్గర బయలుదేరి కడప దాకా మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు. వాలు ఉన్నచోట పడవలు దిగడానికి లాకులు కట్టారు. కంపెనీకి గిట్టుబాటు కాక 1882లో ప్రభుత్వం తీసుకుంది. తర్వాత పడవలు ఆగిపోయి సాగు నీళ్లే మిగిలాయి. మీ పిల్లల్ని తీసుకుపోయి ఎక్కడైనా పాత లాకు గోడ కనిపిస్తే చూపించండి. మూడు నదుల గట్టున ఉండి కూడా మన పిల్లలు పడవను సినిమాలోనే చూస్తున్నారు.

ప్రశ్న: నేను అనంతపురంలో డిప్లొమా మెకానికల్ చదువుతున్నా. మా జిల్లాలో చెరువు నిండితేనే వార్త. ఫెర్రీల మెయింటెనెన్స్ ఉద్యోగం నాలాంటి వాళ్లకు దొరుకుతుందా?

దొరుకుతుంది నాయనా. సముద్రం చూడనివాడు సముద్రంలో పనిచేయకూడదని ఎక్కడా లేదు. నేను మొదటిసారి ఉప్పునీళ్లు చూసింది ఇరవై ఒకటో ఏట. డీజిల్ ఇంజను ధర్మవరంలో ఒకటి, కొచ్చిలో ఒకటి ఉండదు. బోరుబావి మోటారు విప్పి బిగించిన చెయ్యి నీకు ఉంటే సగం పని వచ్చినట్టే. లోపలి నదుల పడవల మీద శిక్షణకు పాట్నాలో జాతీయ సంస్థ ఉంది. షిప్‌యార్డుల్లో అప్రెంటిస్‌షిప్పులు పడుతుంటాయి, చూస్తూ ఉండు. కొచ్చి వాటర్ మెట్రో పడవలు బ్యాటరీ మీద నడుస్తాయి. కేరళలో వైకోం దగ్గర సోలార్ ఫెర్రీ 2017 నుంచి తిరుగుతోంది. ఇక మీదట ఇంజన్ గదిలో స్పానరుతో పాటు మల్టీమీటరు కూడా పట్టుకోవాలి. సాయంత్రం పూట కరెంటు పని కూడా నేర్చుకో. ఈత రాకపోతే ముందు అది నేర్చుకో.

ప్రశ్న: పడవకంటే మరమ్మతులు ఉంటాయి. కదలకుండా ఉండే టెర్మినల్‌కు మెయింటెనెన్స్ ఏముంటుంది? రంగు వేస్తే చాలదా?
ఒక సివిల్ కాంట్రాక్టరు, ప్రొద్దుటూరు

అయ్యా, మీరు రంగు మాట ఎత్తారు కాబట్టి ఎన్నడూ రాయని సంగతి ఒకటి రాస్తాను.

నేను పనిచేసిన ఒక రేవులో ఒడ్డుకూ తేలే వేదికకూ మధ్య ఇనుప నడవ ఉండేది. ఒడ్డు వైపు దాన్ని రెండు కీళ్ల మీద బిగించారు. ఒక్కో కీలులో మణికట్టంత లావు పిన్ను. నీళ్లు లేచినప్పుడల్లా, దిగినప్పుడల్లా ఆ పిన్ను మీదే నడవ తిరగాలి. పిన్నుకు గ్రీజు ఎక్కించడానికి చిన్న నిప్పిలు ఉంటుంది, చిటికెన వేలి కొసంత. ఒకసారి పెద్దవాళ్లు వస్తున్నారని టెర్మినల్ మొత్తానికి రంగులు వేయించారు. చాలా బాగా వేశారు. ఆ నిప్పిళ్ల మీద కూడా దట్టంగా మూడు పూతలు వేశారు. ఆ తర్వాత గ్రీజు గన్ను పెట్టే కుర్రాడికి నిప్పిలు కనిపించలేదు. రిజిస్టరులో మాత్రం నెలనెలా టిక్కు పడుతూ వచ్చింది. టెర్మినల్ నా కింద లేదు. కానీ రోజూ ఆ నడవ మీదే డ్యూటీకి పోయేవాణ్ని. కిర్రుమని చప్పుడు వినేవాణ్ని. విన్నాను, రిపోర్టు రాయలేదు. పడవలు నా పని, నడవ ఇంకొకరి పని అనుకున్నాను.

పద్నాలుగు నెలలకు, ఒక సోమవారం పొద్దున ఆఫీసు వేళ, ఒక పిన్ను తెగి నడవ ఒక పక్కకు జానెడు కిందికి పడింది. ఎవరూ నీళ్లలో పడలేదు. ముందు నడుస్తున్న ఒక పంతులమ్మ కాలు ఇరుక్కుని చీలమండ విరిగింది. తర్వాత ఆ పిన్ను ముక్కలు నేను చేత్తో పట్టుకుని చూశాను. మధ్యలో అరిగి అరిగి బొటనవేలంత మిగిలింది. దాని పక్కన నిప్పిలు, నీలం రంగు కింద, మూత పెట్టినట్టు ఉంది. గోటితో గీరితే రంగు పొర లేచి వచ్చింది. అంత చిన్న పని.

ఎద్దుల బండి ఇరుసుకు కందెన పెట్టకుండా బండి కట్టే రైతు మన సీమలో ఒక్కడూ ఉండడు. అదే మనిషి ఆఫీసులో కూర్చుంటే కందెన ఖర్చు ముందు కొట్టేస్తాడు, రంగు ఖర్చు ఉంచుతాడు. మీరు రేపు ఏ రేవు పని పట్టుకున్నా సరే, తిరిగే ప్రతి కీలు దగ్గరా ఎర్ర వృత్తం గీయించండి, దాని మీద రంగు వేయకూడదని టెండరులోనే రాయించండి. పడవ ఆనుకునే రబ్బరు బఫర్లు, వాటి బోల్టులు, వేదికను పట్టి ఉంచే గొలుసులు, వేదిక లోపలి గదుల్లో చేరే నీళ్లు, దీపాలు, నేలకు వేసిన కరెంటు తీగ, ఇవన్నీ చూసే మనిషి ఒకడు ఉండాలి. గొలుసును నీళ్లలోంచి పైకి లాగి, కడియం కడియం చూడాలి. మధ్యలో ఎక్కడో అరిగిన కడియం ఉంటుంది, కొసలో ఎప్పుడూ ఉండదు.

ప్రశ్న: సిద్ధేశ్వరం దగ్గర కృష్ణ మీద వంతెన వస్తోంది కదా. ఇక పడవల మీద డబ్బు పెట్టడం దండగ అంటున్నారు మా ఊళ్లో. నేను వారానికి రెండుసార్లు బోటులో అవతలికి పోయే మనిషిని. భయంగానే పోతుంటా. మీరేమంటారు?
ఒక బట్టల వ్యాపారి, ఆత్మకూరు ప్రాంతం

వంతెన రావాలి. ఎప్పుడో రావాల్సింది. 2007 జనవరిలో నెహ్రూనగర్ రేవు దగ్గర పడవ మునిగి పదుల మంది పోయినప్పటి నుంచి ఈ రెండు ఒడ్ల జనం అడుగుతూనే ఉన్నారు. 2022 అక్టోబరులో కేంద్రం సిద్ధేశ్వరం, సోమశిల మధ్య తీగల వంతెనకు 1,082.56 కోట్ల రూపాయలు ప్రకటించింది. అది పూర్తయిన రోజు నేను కర్ర పట్టుకునైనా నడిచి దాటుతాను.

కానీ మీరు దాటేది రేపు, ఎల్లుండి కూడా. వంతెన వచ్చేదాకా పడవే వంతెన. పోయిన ప్రాణాలకు ఖరీదు కట్టేటప్పుడు, వంతెన వస్తుందని పడవను చూడటం మానేశామని చెప్పుకోలేం. గోదావరిలో 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర పడవ మునగడం చూశాం. అంతకు రెండేళ్ల ముందు ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో చూశాం. 2021లో కేంద్రం లోపలి నదుల పడవలకు కొత్త చట్టం చేసింది. దాని ప్రకారం ఇంజను ఉన్న ప్రతి పడవకూ రిజిస్ట్రేషన్, తనిఖీ సర్టిఫికెట్, బీమా ఉండాలి. పడవలో సర్టిఫికెట్ చూపించమని అడగడానికి మొహమాటపడకండి. బస్సులో టికెట్ అడిగినట్టే.

కాగితం సంగతి అలా ఉంచి, కళ్లతో చూడాల్సినవి చెబుతాను. ఎక్కేముందు ఒడ్డున నిలబడి పడవ పక్కను చూడండి. నీటి అంచుకూ పడవ అంచుకూ మధ్య ఎంత మిగిలింది? అందరూ ఎక్కాక కూడా మూరెడైనా ఉండాలి. పడవ ఒక పక్కకు ఒరిగి ఉంటే ఎక్కొద్దు. లోపలికి పోయాక కాళ్ల కింద పలకల సందులోంచి చూడండి. చెమ్మ ఉండొచ్చు, నీళ్లు తొణుకుతూ కనిపించకూడదు. ఎవరైనా డబ్బాతో నీళ్లు తోడుతుంటే, ఇది మామూలేనండీ అన్నారంటే, దిగిపోండి. లైఫ్ జాకెట్లు మూట కట్టి మూల పెట్టి ఉంటే మీది మీరు విప్పించుకుని వేసుకోండి. మీరు వేసుకుంటే పక్కవాళ్లూ వేసుకుంటారు, నేను చాలాసార్లు చూశాను. మీ బట్టల మూటలు టాపు మీద కాదు, అడుగున, నడిమధ్యలో పెట్టించండి. మోటారు సైకిలు ఎక్కిస్తే స్టాండు మీద నిలబెట్టనివ్వకండి. పడుకోబెట్టి తాడుతో కట్టాలి.

గాలి లేచినరోజు సరంగు వద్దంటే ఆయనతో వాదించకండి. మీ మూటలు దించుకుని, చింతచెట్టు కింద కూర్చుని, ఆయనకొక టీ చెప్పండి. రేపొద్దున మిమ్మల్ని దాటించేది ఆయనే.